స్పైక్‌లో రెండు ప్రోలీన్లు ఏం చేస్తాయి, ఆ పద్ధతి యాంటీబాడీకి పనికొస్తుందా?

మీరు అడిగింది ఇది: కరోనా వైరస్ మీద ముళ్లలా ఉండే స్పైక్ ప్రొటీన్‌లో రెండు అమైనో ఆమ్లాలను వ్యాక్సిన్ల కోసం ప్రోలీన్ అనే అమైనో ఆమ్లంగా మార్చారని చదివారు. పన్నెండు వందలకు పైగా అమైనో ఆమ్లాలున్న ప్రొటీన్‌లో రెండు మారిస్తే ఏమవుతుంది, ఆ స్థానాలు ఎలా ఎంచుకుంటారు, మీ ప్రాజెక్టులో ఉన్న ఎలుక యాంటీబాడీని మనిషికి పనికొచ్చేలా మార్చడానికీ ఇదే దారా, ఏఐ టూల్స్ వచ్చాక ల్యాబ్ పని ఎంత తగ్గుతుంది అని.

ముందు సూటిగా చెబుతాను. వ్యాక్సిన్ ప్రొటీన్‌లో ఆ మార్పులు ఆకారం మారకుండా ఆపడానికి. యాంటీబాడీలో చేసే మార్పులు, చుట్టూ ఉన్న చట్రాన్ని మార్చినా వైరస్‌ని పట్టుకునే లూపుల ఆకారం చెదరకుండా చూడటానికి. పద్ధతులు వేరు, కాపాడుకునేది మాత్రం ఒకటే. ఏఐ టూల్స్ వేల అవకాశాలను ఇరవై ముప్పైకి తగ్గిస్తాయి. ఆ ముప్పైలో ఏది నిలుస్తుందో ట్యూబులో చూస్తే తప్ప తెలియదు.

ఆకారం ఎందుకు మారుతుంది

స్పైక్, ఆర్‌ఎస్‌వీ (పసిపిల్లల ఊపిరితిత్తులకు సోకే వైరస్) ఎఫ్ ప్రొటీన్, హెచ్‌ఐవీ ఎన్వలప్ ప్రొటీన్ ఒకే కోవకు చెందినవి. వైరస్ పొరను మన కణం పొరతో కలిపేయడం వీటి పని. ఇవి వైరస్ మీద బిగించి పెట్టిన ఎలుకల బోనులా ఉంటాయి. కణం తగలగానే బోను విడుతుంది, ప్రొటీన్ పొడవాటి కడ్డీలా సాగిపోతుంది. ఇక వెనక్కి రాదు. విడకముందు ఆకారాన్ని ప్రీఫ్యూజన్ అనీ, విడిన తర్వాతి ఆకారాన్ని పోస్ట్‌ఫ్యూజన్ అనీ అంటాం. వైరస్‌ని గట్టిగా అడ్డుకునే యాంటీబాడీలు ఎక్కువగా ప్రీఫ్యూజన్ ఆకారాన్నే గుర్తుపడతాయి. చిక్కేమిటంటే, ప్రొటీన్‌ని విడిగా తయారుచేసి శుద్ధి చేస్తుంటే బోను దానంతట అదే విడిపోతుంది.

ఇది ఎంత దూరం పోగలదో ఆర్‌ఎస్‌వీ చరిత్రలో ఉంది. 1960ల్లో ఫార్మలిన్‌తో చంపిన ఆర్‌ఎస్‌వీ వైరస్‌ని పసిపిల్లలకు వ్యాక్సిన్‌గా ఇచ్చారు. తర్వాత అసలు వైరస్ సోకినప్పుడు వాళ్లకు జబ్బు తగ్గకపోగా ముదిరింది, ఇద్దరు పిల్లలు చనిపోయారు. కారణం ఒక్కటే కాదు, రోగనిరోధక వ్యవస్థ తప్పు దారిలో స్పందించడమూ ఉంది. కానీ ఆ తరహా వ్యాక్సిన్‌లో ఎఫ్ ప్రొటీన్ చాలావరకు విడిపోయిన ఆకారంలోనే ఉంటుందని తర్వాత తేలింది. శరీరం యాంటీబాడీలు తయారుచేసింది, అవి వైరస్‌కి అతుక్కున్నాయి, ఆపలేకపోయాయి. అందుకే ఎలైసా (యాంటీబాడీలు అతుక్కున్నాయా అని చూసే పరీక్ష)లో టైటర్, అంటే యాంటీబాడీల మోతాదు, ఎక్కువొచ్చిందని సంతోషించవద్దని అంటాను. అతుక్కోవడం వేరు, ఆపడం వేరు.

2013లో మెక్‌లెలన్, గ్రాహమ్, క్వాంగ్ బృందం డీ25 అనే మనిషి యాంటీబాడీ సాయంతో ప్రీఫ్యూజన్ ఎఫ్ ఆకారాన్ని పట్టుకుంది. అదే ఏడాది డీఎస్-క్యావ్1 అనే డిజైన్ ఇచ్చింది. అందులో మార్పులు నాలుగే. 155, 290 స్థానాల్లోని రెండు సెరీన్లను సిస్టీన్లు (ఇవీ అమైనో ఆమ్లాలే) చేశారు. ఈ రెండూ ప్రీఫ్యూజన్‌లో 5 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక ఆంగ్‌స్ట్రామ్ మిల్లీమీటరులో కోటో వంతు) లోపే ఉంటాయి, విడిపోయాక వంద ఆంగ్‌స్ట్రామ్‌లకు పైగా దూరమవుతాయి. మధ్యలో డైసల్ఫైడ్ వంతెన (రెండు సిస్టీన్ల గంధకాల మధ్య బంధం) పడితే బోను విడలేదు. మిగతా రెండు మార్పులు లోపలి ఖాళీలు పూడ్చేవి: 190లో సెరీన్ బదులు ఫినైల్‌అలనీన్, 207లో వాలీన్ బదులు ల్యూసీన్. గోడలో సందు ఉన్నచోట రాయి దూర్చి బిగించినట్టు. ప్రీఫ్యూజన్‌లో బిగించిన ఎఫ్‌తోనే 2023లో జీఎస్‌కే, ఫైజర్ ఆర్‌ఎస్‌వీ వ్యాక్సిన్లు అమెరికాలో అనుమతి పొందాయి.

ఇక ఆ రెండు ప్రోలీన్లు

స్పైక్ విడేటప్పుడు, హెచ్‌ఆర్1 అనే భాగానికీ మధ్య హెలిక్స్ (స్ప్రింగులా చుట్టుకున్న భాగం)కీ నడుమ ఉన్న మలుపు నిటారుగా సాగి, రెండూ కలిసి ఒకే పొడవాటి హెలిక్స్ అవుతాయి. ప్రోలీన్‌కి హెలిక్స్ మధ్యలో ఇమిడే గుణం లేదు. దాని నైట్రోజన్ ఉంగరంలో చిక్కుకుని ఉంటుంది, హైడ్రోజన్ బంధానికి ఇవ్వడానికి దాని దగ్గర హైడ్రోజనే లేదు. ఆ మలుపులో రెండు ప్రోలీన్లు పక్కపక్కన పెడితే మలుపు మలుపుగానే ఉండిపోతుంది. మెర్స్ స్పైక్‌లో 1060, 1061 స్థానాల్లో ఈ పని చేసి 2017లో ప్రచురించారు. అందుకే 2020 జనవరిలో కొత్త వైరస్ సీక్వెన్స్ రాగానే 986లోని లైసీన్‌ని, 987లోని వాలీన్‌ని ప్రోలీన్లుగా మార్చడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. మోడెర్నా, ఫైజర్-బయోఎన్‌టెక్ ఎంఆర్‌ఎన్‌ఏ వ్యాక్సిన్లు రెండింటిలోనూ ఉన్నది ఈ టూ-పీ (రెండు ప్రోలీన్ల) స్పైకే. ఆస్ట్రాజెనెకా వ్యాక్సిన్, అంటే మన దగ్గర కోవిషీల్డ్, ఈ మార్పు లేని స్పైక్‌తో వచ్చింది. ప్రోలీన్లు లేకపోతే వ్యాక్సినే లేదని అనుకోకండి.

టూ-పీ అయినా ప్రొటీన్‌గా తయారుచేయడం తేలిక కాదు. హెచ్‌ఈకే కణాల్లో (మనిషి కిడ్నీ నుంచి వచ్చిన ల్యాబ్ కణాలు) లీటరుకు ఒక మిల్లీగ్రాము అటూ ఇటూ వచ్చేది. 2020లోనే టెక్సాస్ యూనివర్సిటీ బృందం వంద డిజైన్లు చేసి చూసింది. విడివిడిగా పనికొచ్చిన మార్పులు 26 దొరికాయి. వాటిలోంచి 817, 892, 899, 942 స్థానాల్లో మరో నాలుగు ప్రోలీన్లు కలిపి హెక్సాప్రో చేశారు. దిగుబడి దాదాపు పది రెట్లు పెరిగింది, కరిగే ఉష్ణోగ్రత, అంటే వేడికి ప్రొటీన్ మడత విప్పుకునే ఉష్ణోగ్రత, సుమారు 5 డిగ్రీలు పెరిగింది. ఈ లెక్క గుర్తుంచుకోండి. స్ట్రక్చర్ కళ్లముందు పెట్టుకుని, ఈ పనిలో ఆరితేరినవాళ్లు ఎంచుకున్న వందలో నికరంగా పనికొచ్చింది నాలుగో వంతు. మీ మొదటి ఐదు డిజైన్లూ విఫలమైతే నిరాశ పడనక్కర్లేదు.

స్థానం ఎలా ఎంచుకోవాలి

ప్రీఫ్యూజన్, పోస్ట్‌ఫ్యూజన్ స్ట్రక్చర్లు రెండూ పక్కపక్కన పెట్టండి. ఒకదానిలో లూప్‌గా ఉండి రెండోదానిలో హెలిక్స్‌గా మారే చోట్లు గుర్తించండి. ప్రోలీన్‌కి అనువైన చోటు అదే. తర్వాత మూడు విషయాలు చూడాలి. ఆ స్థానంలో ఫై కోణం (ప్రొటీన్ వెన్నెముక మెలిక కోణాల్లో ఒకటి) మైనస్ 50 నుంచి మైనస్ 80 డిగ్రీల మధ్య ఉందా? అక్కడి వెన్నెముక నైట్రోజన్ ప్రీఫ్యూజన్‌లో ఏదైనా హైడ్రోజన్ బంధంలో ఉందా? ఉంటే వదిలేయండి, మీరు కాపాడదలచిన ఆకారాన్నే మీరు దెబ్బతీస్తారు. దాని ముందున్న అమైనో ఆమ్లానికి ప్రోలీన్ ఉంగరం తగులుతుందా? హెలిక్స్ మొదటి మలుపులో ప్రోలీన్ బాగానే ఇముడుతుంది, నడిమధ్యలో ఇమడదు.

డైసల్ఫైడ్‌కి బీటా కార్బన్ల మధ్య దూరం 3.5 నుంచి 4.5 ఆంగ్‌స్ట్రామ్‌లుంటే మంచిది. దూరం సరిపోయినా కోణం కుదరకపోతే వంతెన పడదు. జతలేని సిస్టీన్ పక్క అణువుతో అతుక్కుని గుంపు కడుతుంది. బంధం పడిందో లేదో చూడటానికి ఒకే శాంపిల్‌ని రెడ్యూసింగ్ ఏజెంట్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి జెల్‌లో నడపండి. లేని వరుసలో పైన మచ్చలా గుంపు కనిపిస్తే ఆ డిజైన్ పక్కన పెట్టాల్సిందే.

ఒక చిన్న జాగ్రత్త కూడా ఉంది. మీ మార్పు వల్ల ఆస్పరాజీన్, మధ్యలో ప్రోలీన్ కాని ఏదో ఒకటి, తర్వాత సెరీన్ లేదా థ్రియోనీన్ అనే వరుస కొత్తగా ఏర్పడుతోందేమో చూడండి. ఏర్పడితే కణం అక్కడ చక్కెర గొలుసు తగిలించి, మీకు కావలసిన చోటునే కప్పేయవచ్చు. స్పైక్ మూడు ప్రొటీన్ గొలుసుల కట్ట; ఒక్కో ప్రొటీన్ గొలుసుకు ఇప్పటికే 22 ఎన్-గ్లైకాన్ (చక్కెర గొలుసు) స్థానాలున్నాయి.

తయారీ, పరీక్ష

చిన్న స్థాయిలో మొదలుపెట్టండి. ఎక్స్‌పీ293 (హెచ్‌ఈకే రకం) కణాలు మిల్లీలీటరుకు 25 నుంచి 30 లక్షలు, బతికున్నవి 95 శాతానికి పైగా ఉండాలి. 30 మిల్లీలీటర్ల కల్చర్‌కి 30 మైక్రోగ్రాముల ప్లాస్మిడ్ (జన్యువును మోసే డీఎన్‌ఏ ఉంగరం), 90 మైక్రోగ్రాముల పీఈఐ (డీఎన్‌ఏని కణంలోకి చేర్చే పాలిమర్). రెండూ కలిపి 10 నుంచి 15 నిమిషాలు ఉంచి కణాలకు చేర్చండి. ఎక్కువసేపు ఉంచితే కణికలు పెద్దవై దిగుబడి పడిపోతుంది. నాలుగైదు రోజులకు పైద్రవం తీసుకోవాలి. స్పైక్ లాంటిదైతే పొర గుచ్చుకునే భాగాన్ని కత్తిరించి, దాని బదులు ఫోల్డాన్ అనే మూడు కాళ్ల ముడిని తగిలించాలి. లేదంటే మూడు గొలుసులూ విడిపోతాయి. ఫ్యూరిన్ అనే ఎంజైమ్ కోసే వరుసను కూడా మార్చేయాలి. టూ-పీ స్పైక్‌లో 682 నుంచి 685 దాకా ఉన్న ఆర్జినీన్ల వరుసను గ్లైసీన్, సెరీన్, అలనీన్, సెరీన్‌గా మార్చడం వాడుకలో ఉంది.

దిగుబడి చూసి గెలిచామనుకోకండి. ప్రతి డిజైన్‌కీ ఇవి చేయాలి:

సైజ్ కాలమ్ (అణువుల్ని పరిమాణాన్ని బట్టి వేరుచేసేది). స్పైక్‌కి సూపరోజ్ 6 వాడండి. ఒకే నిటారైన శిఖరం రావాలి. ముందు భుజంలా కనిపిస్తే గుంపు, వెనక తోక కనిపిస్తే ముక్కలు.

ఆకారాన్ని గుర్తుపట్టే యాంటీబాడీలు. ఆర్‌ఎస్‌వీ ఎఫ్‌కి డీ25 ప్రీఫ్యూజన్‌నే పట్టుకుంటుంది. ఏఎమ్14 పట్టుకోవాలంటే మూడు గొలుసులూ కలిసి ఉండాలి. మోటావిజుమాబ్ రెండు ఆకారాలనూ పట్టుకుంటుంది. మోటావిజుమాబ్ సంకేతం బాగుండి డీ25 సంకేతం పడిపోతే మీ దగ్గరున్నది విడిపోయిన ప్రొటీనే.

డీఎస్‌ఎఫ్ (వేడి చేస్తూ ప్రొటీన్ ఎప్పుడు విప్పుకుంటుందో చూసే పరీక్ష). సైప్రో ఆరెంజ్ రంగుతో 25 నుంచి 95 డిగ్రీల దాకా, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున. మార్పు చేయని మూల ప్రొటీన్ కంటే కరిగే ఉష్ణోగ్రత 3 డిగ్రీలు పెరిగినా చెప్పుకోదగ్గదే.

నెగటివ్ స్టెయిన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ. కంటితో చూసి నిర్ధారించే పరీక్ష ఇదొక్కటే. పొట్టిగా, గుండ్రంగా కనిపించాలి. పొడవాటి సూదుల్లా కనిపిస్తే బోను విడిపోయినట్టే.

చాలామంది పప్పులో కాలేసేది నిల్వ దగ్గర. ప్రొటీన్ అనగానే 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెడతాం. టూ-పీ స్పైక్ ఎక్టోడొమైన్‌కి (పొర బయట ఉండే భాగానికి) ఆ చలే పడదు. 4 డిగ్రీల దగ్గర కొన్ని రోజులుంటే మూడు గొలుసుల కట్టు సడలి, కరిగే ఉష్ణోగ్రత గీత మారిపోతుంది. 37 డిగ్రీల దగ్గర కొన్ని గంటలుంచితే తిరిగి కుదురుకుంటుంది. హెక్సాప్రోకి ఈ ఇబ్బంది తక్కువ. సోమవారం బాగా పనిచేసిన శాంపిల్ శుక్రవారం పనిచేయకపోతే ప్రొటీన్ చెడిపోయిందని పారబోసే ముందు ఈ పరీక్ష చేయండి. చిన్న చిన్న పాళ్లుగా చేసి లిక్విడ్ నైట్రోజన్‌లో గడ్డకట్టించి, మైనస్ 80లో పెట్టి, ఒక్కసారే కరిగించి వాడటం మేలు.

అన్ని వ్యాక్సిన్లకూ ఇంత పెద్ద కట్టడం అక్కర్లేదు కూడా. హైదరాబాద్‌లో బయోలాజికల్-ఈ తయారుచేసిన కోర్బెవాక్స్‌లో ఉన్నది స్పైక్ మొత్తం కాదు, మన కణాల మీది ఏస్2 అనే ప్రొటీన్‌ని పట్టుకునే ఆర్‌బీడీ ముక్క మాత్రమే. దాన్ని పికియా అనే ఈస్ట్‌లో పెంచుతారు. అందులోనూ ఇంజనీరింగ్ ఉంది. ఈస్ట్ చక్కెరలను మితిమీరి తగిలిస్తుంది కాబట్టి 331లోని ఆస్పరాజీన్‌ని తీసేశారు. జతలేని 538వ సిస్టీన్ వల్ల అణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి కాబట్టి దాన్ని అలనీన్ చేశారు. ఈ రెండు మార్పుల ఉద్దేశం ఆకారాన్ని బిగించడం కాదు, చవకగా, ఒకేలా తయారయ్యేలా చూడటం. ఆ ముక్కకు సొంతంగా రోగనిరోధక స్పందనను రేపే బలం తక్కువ కాబట్టి ఆలం, సీపీజీ 1018 అనే రెండు అడ్జువెంట్లు (స్పందనను పెంచే పదార్థాలు) జత చేశారు. కోట్ల డోసులు కావాలన్నప్పుడు ఈ తరహా ఆలోచనకు చాలా విలువుంది. క్రయో-ఈఎమ్ (గడ్డకట్టించిన ప్రొటీన్‌ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూసే పద్ధతి) బొమ్మలకు వచ్చినంత పేరు దీనికి రాకపోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

మీ ఎలుక యాంటీబాడీ సంగతి

ఎలుక యాంటీబాడీని అలాగే ఇస్తే మన శరీరం దాన్ని పరాయిదిగా చూసి, దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు చేస్తుంది. 1986లో అనుమతి పొందిన మొదటి మోనోక్లోనల్ మందు ఓకేటీ3కి ఇదే జరిగింది. అదే ఏడాది గ్రెగ్ వింటర్ బృందం ఎలుక లూపుల్ని మనిషి చట్రంలోకి మార్చే సీడీఆర్ గ్రాఫ్టింగ్‌ని చూపించింది (సీడీఆర్ అంటే ఆ లూపులే).

డిజైన్ కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. సీక్వెన్స్ సరైనదో కాదో తేల్చుకోండి. యాంటీబాడీని తయారుచేసే హైబ్రిడోమా కణాల కోసం వాడే మయలోమా (క్యాన్సర్) కణాల్లో చాలావాటి నుంచి పనికిరాని కప్పా లైట్ చైన్ (యాంటీబాడీలో హెవీ చైన్లు పెద్ద గొలుసులు, లైట్ చైన్లు చిన్నవి) ఆర్‌ఎన్‌ఏ ఒకటి వస్తుంది. పీసీఆర్ చేస్తే అసలుదాని కంటే అదే ఎక్కువగా పెరుగుతుంది. చదివితే మధ్యలో ఫ్రేమ్ తప్పి స్టాప్ కోడాన్ కనిపిస్తుంది. కనీసం పది క్లోన్లు సీక్వెన్స్ చేయండి. తర్వాత ఎలుక వేరియబుల్ భాగాలను మనిషి ఐజీజీ1 కాన్‌స్టెంట్ భాగాలకు కలిపి కైమెరా చేయండి. అది అసలు యాంటీబాడీలాగే పట్టుకుంటేనే ముందుకు పోవాలి. తర్వాత వచ్చే ప్రతి డిజైన్‌కీ కొలబద్ద ఈ కైమెరాయే.

ఇక చట్రం. మీ సీక్వెన్స్‌కి దగ్గరగా ఉన్న మనిషి జర్మ్‌లైన్ (పుట్టుకతో వచ్చే మూల యాంటీబాడీ జన్యువు) తీసుకోవచ్చు, లేదా బాగా నిలకడైనదని పేరున్న వీహెచ్3 (హెవీ), వీకప్పా1 (లైట్) జన్యు కుటుంబాల నుంచి తీసుకోవచ్చు. రెండూ చేసి పోల్చమనే చెబుతాను. లూపుల్ని యథాతథంగా మార్చిపెడితే పట్టుకునే బలం పది రెట్లో వంద రెట్లో పడిపోవడం మామూలే. లూప్ కింద దన్నుగా నిలిచే చట్రం స్థానాలు మారిపోవడమే కారణం. వీటిని వెర్నియర్ జోన్ అంటారు. కబాట్ లెక్కలో (యాంటీబాడీ స్థానాలకు అంకెలు వేసే పద్ధతి) హెవీ చైన్ 71, 73, 78, 94, లైట్ చైన్ 71 ముందు చూడాలి. హెవీ 71లో ఎలుకకు ఆర్జినీన్ ఉండి మనిషి చట్రంలో అలనీనో వాలీనో ఉంటే రెండో లూప్ కూర్చునే తీరే మారిపోతుంది. అలాంటి చోట ఎలుక అమైనో ఆమ్లాన్నే తిరిగి పెట్టాలి. అన్నీ ఒకేసారి వెనక్కి మార్చేయకండి. నాలుగు హెవీ, నాలుగు లైట్ రకాలు చేసి పదహారు జతలుగా కలిపి చూడండి. అతి తక్కువ ఎలుక భాగంతో కైమెరాకి రెండు మూడు రెట్ల లోపు బలం చూపించే జత మీకు కావలసింది.

బలం కొలిచేటప్పుడు జరిగే తప్పు: యాంటిజెన్‌ని (యాంటీబాడీ పట్టుకునే ప్రొటీన్‌ని) కొలిచే యంత్రం చిప్ మీద దట్టంగా అతికించి, మొత్తం ఐజీజీని పైనుంచి పంపడం. రెండు చేతులతో పట్టుకోవడం వల్ల అంకె అసలుకంటే ఎంతో గొప్పగా కనిపిస్తుంది. ఫ్యాబ్ (యాంటీబాడీలో ఒక్క చేయి ముక్క) వాడండి, లేదా యాంటీబాడీని చిప్ మీద నిలిపి, ఒంటరిగా ఉండే యాంటిజెన్‌ని పంపండి. విడిపోవడాన్ని తగినంతసేపు చూడాలి. విడిపోయే వేగం సెకనుకు పదివేలలో ఒక వంతు అయితే 5 శాతం విడిపోవడానికే దాదాపు 510 సెకన్లు పడుతుంది. మూడు నిమిషాలు చూసి పికోమోలార్ అని రాయడం సరికాదు.

కుదురుగా ఉండే గుణం. లూపుల్లో ఆస్పరాజీన్ పక్కన గ్లైసీన్ ఉంటే డీఅమిడేషన్, ఆస్పార్టేట్ పక్కన గ్లైసీన్ ఉంటే ఐసోమరైజేషన్ జరిగే ప్రమాదముంది. బయటికి తేలిన మెథియోనీన్, ట్రిప్టోఫాన్ ఆక్సిడైజ్ అవుతాయి. 40 డిగ్రీల దగ్గర రెండు నుంచి నాలుగు వారాలు ఉంచి బలం మళ్లీ కొలవండి. ప్రొటీన్-ఏ కాలమ్ నుంచి పీహెచ్ 3 దగ్గర దించిన వెంటనే పదో వంతు ట్రిస్ కలిపి తటస్థం చేయకపోతే బలహీనమైన డిజైన్లు అక్కడే గుంపు కడతాయి. చర్మం కింద ఇచ్చే మందైతే ఒకటి రెండు మిల్లీలీటర్లలోనే మొత్తం డోసు పట్టాలి. అంటే మిల్లీలీటరుకు వంద మిల్లీగ్రాములు దాటుతుంది. కొన్ని యాంటీబాడీలు ఆ గాఢతలో తేనెలా చిక్కబడి సూదిలోంచి దిగవు. లూపుల మీద నూనెతత్వం, విద్యుదావేశాల మచ్చలు దీనికి ముఖ్య కారణాలు. దీన్ని చివర్లో కనిపెడితే మొత్తం పని వృథా.

తోక భాగం. ఎఫ్‌సీలో ఏం మార్చాలో మందు పనిని బట్టి ఉంటుంది. కణాల్ని చంపకూడదంటే 234, 235 ల్యూసీన్లను అలనీన్లు చేస్తారు. ఐజీజీ4 వాడితే 228 సెరీన్‌ని ప్రోలీన్ చేయడం తప్పనిసరి, లేకపోతే యాంటీబాడీ రెండు సగాలుగా విడి, ఆ సగాలు శరీరంలో వేరే వాటితో జతలు మార్చుకుంటాయి. ఎక్కువ రోజులు నిలవాలంటే 252, 254, 256 స్థానాల్లో టైరోసీన్, థ్రియోనీన్, గ్లుటమేట్ పెట్టే వైటీఈ మార్పు ఉంది. అది పీహెచ్ 6 దగ్గర కణంలో యాంటీబాడీలను కాపాడే ఎఫ్‌సీఆర్‌ఎన్ అనే గ్రాహకాన్ని గట్టిగా పట్టుకుంటుంది, రక్తం పీహెచ్ దగ్గర వదిలేస్తుంది. దాంతో కణం దాన్ని జీర్ణం చేసుకోకుండా మళ్లీ రక్తంలోకి పంపుతుంది.

మీరు వేరువేరుగా అడిగిన రెండు విషయాలూ కలిసే చోటు ఇక్కడే ఉంది. ఎఫ్ ప్రొటీన్ ప్రీఫ్యూజన్ ఆకారాన్ని చూడటానికి సాయపడిన డీ25నే మెరుగుపరిచి, వైటీఈ జోడించి నిర్సెవిమాబ్ అనే ఆర్‌ఎస్‌వీ యాంటీబాడీ మందు చేశారు. అంతకుముందున్న పాలివిజుమాబ్‌ని పసిపిల్లలకు కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున ఆర్‌ఎస్‌వీ సీజన్‌లో ప్రతి నెలా ఇవ్వాల్సి వచ్చేది. నిర్సెవిమాబ్ 5 కిలోల లోపు పిల్లలకు 50 మిల్లీగ్రాములు, ఆపై 100 మిల్లీగ్రాములు, తొలి సీజన్ మొత్తానికి ఒకే సూది. బిడ్డకు నెలనెలా సూది వేయించాల్సిన తల్లికి ఈ తేడా ఎంతటిదో వేరే చెప్పక్కర్లేదు.

అయితే వైటీఈ అన్నిటికీ మందు కాదు. కరోనాకి వచ్చిన ఎవుషెల్డ్‌లోని రెండు యాంటీబాడీలకూ వైటీఈ ఉంది, శరీరంలో నెలల తరబడి నిలిచాయి. కానీ అవి పట్టుకునే చోటే కొత్త వేరియంట్లలో మారిపోయింది. 2023 జనవరిలో అమెరికాలో దాని వాడకానికి అనుమతి ఆగిపోయింది. తోకని ఎంత బాగా చెక్కినా, పట్టుకునే చోటు వైరస్ మార్చుకోలేనిదై ఉండాలి.

ఏఐ టూల్స్ గురించి: సీక్వెన్స్ నుంచి ప్రొటీన్ ఆకారాన్ని ఊహించే ఆల్ఫాఫోల్డ్ సాధారణంగా ఒక్క ఆకారాన్నే చూపిస్తుంది. మీకు కావలసిన రెండు ఆకారాల మధ్య పోలికను అది ఇవ్వదు. ఒక్క అమైనో ఆమ్లం మారిస్తే నిలకడ పెరుగుతుందా తగ్గుతుందా అన్నదానికి దాని నమ్మకం స్కోరును కొలమానంగా తీసుకోకండి, అది అందుకోసం చేసింది కాదు. యాంటీబాడీ హెవీ చైన్ మూడో లూప్ దగ్గర తప్పులు ఎక్కువ. ఆకారం ఇస్తే దానికి సీక్వెన్స్ రాసే ప్రొటీన్‌ఎంపీఎన్‌ఎన్ నిలకడైన సీక్వెన్సులు బాగా ఇస్తుంది, అయితే యాంటీబాడీ గుర్తుపట్టే ఉపరితలాన్ని కూడా మార్చేస్తుంది. ఆ స్థానాలను ముందే స్థిరంగా ఉంచమని చెప్పాలి. చక్కెర గొలుసుల స్థానాలనూ అలాగే.

మీ సీక్వెన్స్ మొత్తం ఇక్కడ పెట్టకండి, పేటెంట్‌కి అడ్డొస్తుంది. హెవీ 71, 94 స్థానాల్లో ఏమున్నాయో, మూడో లూప్ పొడవెంతో, కైమెరా బలం ఎంత వచ్చిందో రాయండి. ఏ చట్రంతో మొదలుపెట్టాలో అప్పుడు చెప్పగలను.